మట్టిలో మలిచిన డ్రాగన్లు: ప్రాచీన చైనా మృణ్మయ శిల్పంపై తరచుగా అడిగే ప్రశ్నలు

సరిహద్దు వార్త వచ్చినప్పుడల్లా మన పత్రికలు చైనాను 'డ్రాగన్' అంటాయి. ఆ శీర్షికలు చదివి చదివి, డ్రాగన్ అంటే కోరలు చాచి మీదికొచ్చే జంతువనే ముద్ర చాలామంది మనసులో పడిపోయింది. చైనా కుమ్మరి చేతిలో రూపుదిద్దుకున్న డ్రాగన్‌ను దగ్గరగా చూస్తే ఆ ముద్ర నిలవదు. అది కూజాకు పిడి అవుతుంది. మేడ కొప్పును కరచి పట్టుకుంటుంది. సమాధిలో చనిపోయినవారికి తోడుంటుంది. ఎక్కడ కనిపించినా ఏదో ఒక పని మీదే ఉంటుంది. అందుకే ఈ జవాబుల్లో దాని కొమ్ములూ గోళ్ళకంటే, అది చేస్తున్న పని గురించే ఎక్కువగా చెప్పాను.

చైనా డ్రాగన్ నిజానికి ఏ జంతువు?

ఏ ఒక్క జంతువూ కాదు. చైనా వారు దాన్ని 'లోంగ్' అంటారు. పాత గ్రంథాల వర్ణన ప్రకారం దానికి జింక కొమ్ములు, ఒంటె తల, దయ్యం కళ్ళు, పాము మెడ, ఆల్చిప్ప పొట్ట, చేప పొలుసులు, గద్ద గోళ్ళు, పులి పంజాలు, ఎద్దు చెవులు ఉంటాయి. ఐరోపా కథల్లోని డ్రాగన్‌లా నిప్పులు కక్కుతూ నిధికి కాపలా కాసే బాపతు కాదిది. దీని చోటు నీళ్ళు, మబ్బులు. వాన కురిపించేది ఇదే, నదుల్లో నివసించేదీ ఇదే. వాన లేక అల్లాడే రైతుకు డ్రాగన్ భయపెట్టేది కాదు, మొక్కుకోవలసినది.

చిత్రకారుడికి ఈ తొమ్మిది పోలికలనూ ఒకచోట చేర్చడం తేలిక. కుంచె తిప్పితే చాలు. కుమ్మరికి మాత్రం ప్రతి కొమ్మూ ప్రతి గోరూ విడిగా చేసి అతికించాల్సిందే. ఆ అతుకు ఆవంలో విడిపోకుండా ఉండాలి కూడా. మట్టి డ్రాగన్లు బొమ్మల్లోని డ్రాగన్లకంటే పొట్టిగా, బలిష్ఠంగా, దేన్నో ఒకదాన్ని అంటిపెట్టుకుని ఉండటానికి ఇదొక కారణం. గాలిలో వేలాడే సన్నటి భాగం ఎంత ఎక్కువైతే, విరిగే అవకాశం అంత ఎక్కువ.

మన నాగుల్లాంటిదే అనుకోవచ్చా?

పుట్టుక వేరు, కానీ దారిలో కలిశాయి. బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి అనువదించినవారు 'నాగ' అనే మాటకు 'లోంగ్'నే వాడుకున్నారు. నాగరాజు అక్కడ 'లోంగ్ రాజు' అయ్యాడు. మన ఆచార్య నాగార్జునుడి చైనా పేరు 'లోంగ్‌షు'. అంటే 'డ్రాగన్ చెట్టు' అని అర్థం. ఏడో శతాబ్దంలో ధాన్యకటకం దాకా వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ దాన్ని 'లోంగ్‌మెంగ్' అని మార్చి రాశాడు. నాగార్జునకొండకు పేరిచ్చిన మనిషిని చైనా బౌద్ధులు డ్రాగన్ పేరుతోనే తలచుకుంటున్నారన్నమాట.

మకరం సంగతి ఇంకా ఆసక్తికరం. మన గుళ్ళలో దేవుడి వెనక మకరతోరణంలో కనిపించే ఆ నీటిజంతువు బౌద్ధంతోపాటు చైనా చేరింది. అక్కడ దాన్ని 'మోజ్యే' అన్నారు. పది, పదకొండు శతాబ్దాల్లో ఉత్తరాన్ని ఏలిన ల్యావ్ రాజ్యంలో రంగు గ్లేజు (కాల్చితే గాజులా మెరిసే పూత) పూసి మకరం ఆకారంలోనే కూజాలు చేశారు. చేప ఒళ్ళు, పైకి లేచిన తోక, డ్రాగన్ ముఖం. చూడగానే మన గుడిలో ఎక్కడో చూశామే అనిపిస్తుంది. ఈ మకరం ప్రస్తావన కప్పుల దగ్గర మళ్ళీ వస్తుంది.

మట్టిలో డ్రాగన్ ఎప్పటి నుంచి ఉంది?

రూపం మట్టికంటే ముందు వేరే పదార్థాల్లో కనిపిస్తుంది. 1987లో హెనాన్ రాష్ట్రంలోని పూయాంగ్ వద్ద శిషుయిపో అనే చోట, సుమారు ఆరువేల ఏళ్ళ నాటి ఒక సమాధి బయటపడింది. అందులో అస్థిపంజరానికి ఒక పక్క ఆల్చిప్పలతో పేర్చిన డ్రాగన్, మరో పక్క పులి ఉన్నాయి. ఈ జంటను గుర్తుంచుకోండి, మరో ఐదువేల ఏళ్ళ తర్వాత పింగాణీలో మళ్ళీ కనిపిస్తుంది. ఈశాన్యంలోని హోంగ్‌షాన్ సంస్కృతివారు పచ్చరాతిలో పంది మూతితో ముడుచుకున్న డ్రాగన్లను చెక్కారు.

మట్టి మీద స్పష్టంగా కనిపించే తొలి డ్రాగన్లలో ప్రసిద్ధమైనది షాన్షీ రాష్ట్రంలోని తావోసి పళ్ళెం. వయసు నాలుగువేల ఏళ్ళ పైమాట. నల్లటి పళ్ళెం లోపల ఎర్రరంగుతో చుట్టచుట్టుకున్న డ్రాగన్, నోట్లోంచి రెమ్మలాగా ఏదో బయటికి వచ్చి ఉంటుంది. అది నాలుకా, ధాన్యపు కంకా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. పళ్ళెం కాల్చిన తర్వాత వేసిన రంగు కాబట్టి తడి గుడ్డ తగిలితే పోతుంది. అంటే అన్నం తినడానికి చేసిన పళ్ళెం కాదు. ఇది శిల్పం కాదు, బొమ్మే. కానీ పాత్ర గుండ్రదనానికి తగ్గట్టు డ్రాగన్ ఒళ్ళు వంచుకోవడం ఇక్కడే మొదలైంది.

టెర్రకోట సైన్యంలో డ్రాగన్లు ఉన్నాయా?

చైనా తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధికి కాపలాగా షియాన్ దగ్గరి గోతుల్లో నిలిపినవి మట్టి సైనికులు, మట్టి గుర్రాలు. డ్రాగన్ కోసమైతే అదే చక్రవర్తి రాజధాని షియాన్‌యాంగ్ శిథిలాలకు వెళ్ళాలి. అక్కడి రాజభవనం మెట్లకు వాడిన బోలు ఇటుకల మీద డ్రాగన్ల నగిషీ ఉంది. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఆ చక్రవర్తికే 'ఆది డ్రాగన్' అనే పేరుంది. క్రీ.పూ. 211లో ఎవరో అపరిచితుడు రాజదూతను దారిలో ఆపి, 'ఈ ఏడు ఆది డ్రాగన్ చస్తాడు' అన్నాడని ప్రాచీన చరిత్రకారుడు సీమా చియెన్ గ్రంథంలో ఉంది. మరుసటి ఏడే చక్రవర్తి పోయాడు.

పెంకుల మీద డ్రాగన్లు ఎందుకు?

హాన్ కాలంలో, అంటే ఇంచుమించు మన శాతవాహనుల రోజుల్లో, చూరు అంచున వరసగా కనిపించే గూన పెంకుల మొనకు గుండ్రటి బిళ్ళలు ఉండేవి. రాజభవనాల్లో ఆ బిళ్ళల మీద నాలుగు దిక్కుల దేవతలను అచ్చు వేశారు. తూర్పుకు నీలి డ్రాగన్, పడమరకు తెల్ల పులి, దక్షిణానికి ఎర్ర పక్షి, ఉత్తరానికి పాము చుట్టుకున్న తాబేలు. క్రీ.శ. ఒకటో శతాబ్దం తొలినాళ్ళలో అప్పటి పాలకుడు వాంగ్ మాంగ్ కట్టించిన మందిరాల పెంకులు వీటిలో అందంగా ఉంటాయి.

ఒక డ్రాగన్ బిళ్ళను ఊహించుకోండి. చిన్న పళ్ళెమంత వృత్తం. మధ్యలో బొడిపె. ఆ బొడిపె చుట్టూ మిగిలిన ఇరుకు చోటులో ఒక డ్రాగన్ నడవాలి. ఇంకా పాములా సాగని కాలం అది, ఒళ్ళు పులిలా ఉంటుంది. మెడ వెనక్కి తిప్పి, తోక పైకెత్తి, నాలుగు కాళ్ళనూ అంచుకు ఆనించి, ఎక్కడా ఇరుకు పడినట్టు కనిపించదు. తర్వాతి కాలపు హంగుల డ్రాగన్లన్నిటినీ పక్కన పెట్టి ఒక్కటి ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

కూజా పిడిగా డ్రాగన్ ఎలా వచ్చింది?

మృణ్మయ శిల్పంలో డ్రాగన్ చేసిన పనులన్నిటిలో నాకు ఇష్టమైనది ఇది.

నాలుగో శతాబ్దం ప్రాంతంలో దక్షిణ చైనా ఆకుపచ్చ గ్లేజు పాత్రల్లో 'కోడితల కూజా' అనే రకం ఉండేది. భుజం మీద ఒక పక్క కోడి తల, ఎదురుగా పిడి. కొన్నాళ్ళకు ఆ పిడి పైకొస డ్రాగన్ తలగా మారింది. ఆ తల వంగి కూజా అంచును కరిచింది. పాత్రకు పిడి అతికే చోటే బలహీనం. అక్కడే పళ్ళు దిగినట్టు చూపించడం కుమ్మరి చమత్కారం. అతుకు అతుకులా కనిపించదు, పట్టులా కనిపిస్తుంది.

1957లో షియాన్‌లో తవ్విన ఒక సమాధిలో దీని ముద్దొచ్చే రూపం దొరికింది. 608లో చనిపోయిన లీ జింగ్‌షున్ అనే తొమ్మిదేళ్ళ రాజకుటుంబపు పాప సమాధి అది. అమ్మమ్మ చేతుల్లో పెరిగిన పిల్ల. ఇల్లులాగా చెక్కిన రాతి శవపేటిక మీద 'తెరిస్తే చస్తావు' అని రాయించారు. లోపల నగలతోపాటు జానెడుకన్నా చిన్నదైన తెల్లటి జంట సీసా ఉంది. రెండు పొట్టలు, ఒకటే మూతి. రెండు పక్కల నుంచి రెండు డ్రాగన్లు పైకి పాకి, ఆ ఒక్క మూతినే చెరోవైపు కరచి పట్టుకున్నాయి. తల్లి దగ్గర పాలు తాగే పిల్లల్లా ఉంటాయి, భయం పుట్టించే లక్షణం మచ్చుకైనా లేదు.

తాంగ్ కాలానికి (618–907) ఇదే ఆలోచన పెద్ద కూజాలకెక్కింది. కోడిగుడ్డులాంటి ఒళ్ళు, గీతలు తేలిన సన్నటి మెడ, భుజాల మీద నుంచి లేచి మూతికంటే ఎత్తుకు వంపు తిరిగి దిగే రెండు పిడులు, వాటి కొసన డ్రాగన్ తలలు. పిడి వెన్ను మీద గుండీల్లాంటి బొడిపెలు వరసగా ఉంటాయి. గ్లేజు పైనుంచి కిందికి జారి, పాదం చేరకముందే ఎక్కడికక్కడ ఆగిపోతుంది. కింది భాగం ఉత్త మట్టి. కావాలనే అలా వదిలేవారు. గ్లేజు అడుగు దాకా కారితే పాత్ర ఆవంలోనే అతుక్కుపోతుంది.

ఇలాంటివి ఎలా చేసేవారు?

పాత్ర ఒళ్ళు సారె మీద, పిడులూ తలలూ చేత్తోనో అచ్చులోనో. ఒళ్ళూ పిడీ రెండూ ఒకే తడిలో, ఆరీ ఆరని దశలో ఉన్నప్పుడే పలుచటి బంకమట్టి రాసి అతికించాలి. ఒకటి ఎక్కువ ఆరి మరొకటి పచ్చిగా ఉంటే, ఆరేకొద్దీ చెరోవైపు లాగి పగులుతాయి. మన కుమ్మరులకు ఈ సంగతి కొత్త కాదు. మందంగా ఉన్న తలలను బోలుగా చేసేవారు, లేకపోతే లోపలి తడి ఆవిరై ఆవంలో పేలిపోతుంది. పొలుసులకు సగం గుండ్రటి మొన ఉన్న పుల్ల చాలు. తోక నుంచి మెడ దాకా వరస తర్వాత వరస నొక్కుకుంటూ పోవడమే. డిమాండు పెరిగాక డ్రాగన్‌ను మొత్తంగా అచ్చులో తీసి అతికించడం మొదలైంది.

తాంగ్ కాలంలో పేరుపడ్డ 'మూడు రంగుల' గ్లేజు పాత్రలను రెండుసార్లు కాల్చేవారు. మొదటిసారి ఉత్త మట్టిని గట్టిగా, రెండోసారి సీసం కలిపిన గ్లేజు పూసి సుమారు 800 డిగ్రీల దగ్గర. రాగి ఆకుపచ్చను, ఇనుము తేనె రంగును, కోబాల్టు నీలాన్ని ఇస్తాయి.

సమాధుల్లో డ్రాగన్లను ఎందుకు పెట్టేవారు?

కాపలాకు, దారి చూపడానికి, దిక్కులు సరిచూడటానికి. మూడు రంగుల పాత్రల్లో చాలావరకు సమాధి కోసమే చేసినవి. తాంగ్ సమాధుల్లో పన్నెండేళ్ళ చక్రపు జంతువుల బొమ్మలు కూడా పెట్టేవారు. వీటిలో ఐదోది డ్రాగన్. మెడ దాకా మనిషి, వెడల్పు చేతుల అంగీ తొడిగి, చేతులు రెండూ ఆ అంగీ మడతల్లో దాచుకుని నిలబడి ఉంటాడు. పైన మాత్రం కొమ్ముల డ్రాగన్ తల. కచేరీలో వంతు కోసం వేచి ఉన్న గుమాస్తాలా ఉంటాడు. నవ్వు ఆపుకోవడం కష్టం.

సోంగ్ కాలంలో (960–1279) శిషుయిపో జంట తిరిగొచ్చింది. జెజియాంగ్ రాష్ట్రంలోని లోంగ్‌చ్వాన్ ఆవాల్లోనూ, జియాంగ్షీ ఆవాల్లోనూ జంట జాడీలు చేశారు. ఒకదాని మీద డ్రాగన్, రెండోదాని మీద పులి. లోంగ్‌చ్వాన్ జాడీలో డ్రాగన్ భుజం చుట్టూ చుట్టుకుని, గట్టు మీద పడుకున్న పిల్లిలా తల ఎత్తి చూస్తుంది. దాని మీద దట్టమైన ఆకుపచ్చ గ్లేజు. పొలుసుల గట్ల మీద పలచబడి తెల్లగా, గుంటల్లో నిలిచి చిక్కగా. రంగు ఒకటే, వెలుగునీడలు మాత్రం శిల్పం తెచ్చిపెట్టినవి.

తర్వాత మంగోలులు ఏలిన యువాన్ కాలంలో (1271–1368) లోంగ్‌చ్వాన్‌లోనే ఒక తుంటరి ప్రయోగం జరిగింది. ఆకుపచ్చ పళ్ళెం మధ్యలో అచ్చు డ్రాగన్‌ను అతికించి, దానికి మాత్రం గ్లేజు తగలకుండా వదిలేశారు. ఆవం చల్లారేటప్పుడు ఆ ఉత్త మట్టికి గాలి తగిలి ఇటుక ఎరుపుకు తిరిగింది. పచ్చటి కొలనులోంచి ఎర్రటి డ్రాగన్ లేచినట్టు ఉంటుంది.

'డ్రాగన్ ఆవం' అంటే డ్రాగన్లు చేసే ఆవమా?

కాదు. కొండవాలు మీద కింది నుంచి పైకి పదుల మీటర్లు సాగే పొడవాటి ఆవానికి ఆ పేరు. కింది మూతిలో మంట పెడితే వేడి తనంతట తానే పైకి పాకుతుంది. పక్క కన్నాల్లోంచి కట్టెలు వేస్తూ పోతారు. రాత్రిపూట ఆ కన్నాలన్నీ వెలుగుతుంటే పేరు ఎందుకొచ్చిందో చెప్పనక్కర్లేదు. లోంగ్‌చ్వాన్ పాత్రలు ఇలాంటి ఆవాల్లోనే కాలాయి. ఆ ఊరి కాల్పు విద్యను యునెస్కో 2009లో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

గోళ్ళు లెక్కపెడితే కాలం తెలుస్తుందా?

కొంతవరకే. తాంగ్, సోంగ్ డ్రాగన్లకు మామూలుగా మూడు గోళ్ళు. 14వ శతాబ్దం తొలినాళ్ళలో యువాన్ పాలకులు ఐదు గోళ్ళూ రెండు కొమ్ములూ ఉన్న డ్రాగన్‌ను తమకే కేటాయించుకుని ఇతరులు ధరించరాదన్నారు. మింగ్, చింగ్ రాజవంశాలు ఆ కట్టుబాటును బిగించాయి. నాలుగు గోళ్ళవి రాకుమారులకూ పెద్ద అధికారులకూ. కానీ విరిగిన గోరును తర్వాత ఎవరో అతికించి ఉండవచ్చు, కాపీ కొట్టినవాడు ఐదు పెట్టి ఉండవచ్చు. గోళ్ళను మాత్రమే నమ్ముకుని వేలంపాటలో చెయ్యెత్తకండి.

కప్పు మీద కొప్పును కొరుకుతున్నట్టు ఉండేది ఏమిటి?

దాని పేరు చీవెన్. డ్రాగన్ తొమ్మిది మంది సంతానంలో ఒకటిగా చెబుతారు. మొదట్లో కొప్పు రెండు కొసల్లో పైకి లేచిన తోక మాత్రమే ఉండేది. తాంగ్ చివరి రోజులకు దానికి నోరొచ్చింది, ఆ నోరు కొప్పును కరిచింది. ఈ మార్పు వెనక భారతీయ మకరం ప్రభావం ఉందని కొందరు పండితుల అభిప్రాయం. మకరతోరణంలో కమాను రెండు చివరలనూ నోట కరచుకున్న జంతువులను గుర్తు తెచ్చుకుంటే ఆ వాదన నాకు బలంగానే తోస్తుంది.

నీటిజంతువు కాబట్టి మంటల నుంచి కాపాడుతుందని నమ్మకం. కట్టెతో కట్టిన భవనాలకు అంతకంటే పెద్ద శత్రువు ఎవరు? పనితనం పరంగా చూసినా, కప్పు రెండు వాలులూ కొప్పూ కలిసే చోట వాన నీరు దిగకుండా బరువైన మూత కావాలి. చీవెన్ ఆ మూత. బీజింగ్ రాజప్రాసాదంలోని తాయ్‌హే మందిరం మీది చీవెన్ 3.4 మీటర్ల ఎత్తు, 13 ముక్కలు కలిపి నిలిపినది. వీపు మీద కత్తి పిడి ఒకటి పొడుచుకుని ఉంటుంది. అది పారిపోకుండా పొడిచారని జనం చెప్పుకుంటారు.

తొమ్మిది డ్రాగన్ల గోడ విశేషం ఏమిటి?

గుమ్మానికి ఎదురుగా కట్టే అడ్డుగోడ ఇది. ప్రాచీనం అనడానికి కాస్త కొత్తదే అయినా, డ్రాగన్ మట్టిలో ఇంత విశాలంగా ఎక్కడా పరుచుకోలేదు కాబట్టి వదిలెయ్యలేను. పాతవాటిలో మూడు ప్రసిద్ధం. దాతోంగ్‌లోనిది 14వ శతాబ్దం చివర మింగ్ రాజవంశ స్థాపకుడి 13వ కొడుకు జూ గుయి భవనం ముందు కట్టినది, 45 మీటర్లకు పైగా పొడవు. భవనం తర్వాత కాలిపోయింది, గోడ మిగిలింది. రాకుమారుడిది కనుక డ్రాగన్లకు నాలుగేసి గోళ్ళే. బీజింగ్‌లోని బైహాయ్ ఉద్యానంలోనిది 18వ శతాబ్దపుది, రెండు వైపులా డ్రాగన్లున్నది ఇదొక్కటే. మూడోది చియెన్‌లోంగ్ చక్రవర్తి 1772లో రాజప్రాసాదం లోపల కట్టించినది, 29.4 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల ఎత్తు.

ఈ మూడో గోడలోని ఉబ్బెత్తు బొమ్మ మొత్తం 270 గ్లేజు పలకల కూర్పు. ముందు పచ్చిమట్టిలో బొమ్మంతా మలిచి, ముక్కలుగా కోసి, ఆరబెట్టి, కాల్చి, రంగు గ్లేజు పూసి మళ్ళీ కాల్చాలి. మట్టి ఆరినా కాలినా చిక్కిపోతుంది. ఒక్క పలక ఎక్కువ చిక్కినా పక్కదానితో అంచు కలవదు. పైగా అతుకు గీత ఏ డ్రాగన్ ముఖం మీదా పడకుండా కోసుకున్నారు.

ఎడమ నుంచి మూడో డ్రాగన్ తెల్లది. దాని పొట్ట దగ్గరికి వెళ్ళి చూడండి. ఒక ముక్క మట్టిది కాదు, చెక్క. ఆవంలోనో మోతలోనో పలక పగిలిందని, గడువు ముంచుకొస్తుంటే ప్రాణభయంతో ఒక పనివాడు రాత్రికి రాత్రి చెక్కతో ఆ భాగాన్ని చెక్కి తెల్లరంగు వేసి అతికించాడని కథ. కథ సంగతెలా ఉన్నా చెక్క మాత్రం నిజం. రంగు వెలిసి ఈనెలు కనిపిస్తున్నాయి. గోడంతటిలోకీ సందర్శకులు ఎక్కువసేపు నిలబడేది అక్కడే.

నీలం, తెలుపు పింగాణీ మీది డ్రాగన్లు శిల్పమేనా?

అవి చిత్రాలు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, 1351 నాటి తేదీ రాసిన డేవిడ్ జంట కూజాల మీది డ్రాగన్లు చాలా ప్రసిద్ధం, కానీ అవి కుంచెతో వేసినవి. ఆ కూజాలకు శిల్పంగా ఉన్న పిడులు ఏనుగు తలలు.

కొనేటప్పుడు నకిలీని ఎలా పట్టుకోవాలి?

ముందుగా చిన్న చరిత్ర. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో లోయాంగ్ దగ్గర రైలుమార్గం వేస్తుంటే తాంగ్ సమాధులు బయటపడి, మూడు రంగుల బొమ్మలు గుట్టలుగా దొరికాయి. సమాధి సొత్తు ఇంటికి అరిష్టమని మొదట్లో వాటిని ఎవరూ ముట్టలేదు. బీజింగ్ పండితులు విలువ గుర్తించాక గిరాకీ వచ్చింది. గిరాకీ వెనకే నకళ్ళు వచ్చాయి. ఆ ప్రాంతంలో ఇప్పటికీ నకళ్ళు చేసే కుటుంబాలున్నాయి. నకలేనని చెప్పి అమ్మితే అది నిజాయితీ గల వృత్తే.

ప్రయోగశాలలో ఉష్ణకాంతి పరీక్ష అని ఒకటుంది. మట్టిని కాల్చినప్పుడు అందులో నిల్వ ఉన్న వికిరణ శక్తి ఖాళీ అవుతుంది. అప్పటి నుంచి మళ్ళీ కొద్దికొద్దిగా చేరుతుంది. చిన్న కన్నం పెట్టి తీసిన పొడిని వేడి చేస్తే వచ్చే వెలుగును బట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో అంచనా కడతారు. మోసగాళ్ళకు ఇదీ తెలుసు. అడుగు భాగానికి పాత పెంకు అతికించి, కన్నం అక్కడే పెట్టేలా చూస్తారు. అందుకే ఒకటికి మించి చోట్ల నమూనా తీయించాలి. కంటి చూపుకు నేను మొదట చూసేది డ్రాగన్ కరిచిన అతుకును. పాతదాంట్లో పళ్ళు నిజంగా అంచులోకి దిగి ఉంటాయి. తొందరగా చేసిన నకలులో తల అంచు మీద ఊరికే ఆనించినట్టు ఉంటుంది.

హైదరాబాద్‌లో చైనా పింగాణీ చూడవచ్చా?

సాలార్‌జంగ్ మ్యూజియంలో తూర్పు ఆసియా సేకరణ ఉంది. నీలం, తెలుపు పాత్రలు, ఆకుపచ్చ గ్లేజు పాత్రలు చూడవచ్చు. విషం కలిపిన అన్నం వడ్డిస్తే ఈ ఆకుపచ్చ పళ్ళెం రంగు మారుతుందనో పగులుతుందనో నవాబుల కాలంలో నమ్మేవారు. గడియారం గంట కొట్టేదాకా ఖాళీగా ఉండేవారు ఈ గదుల వైపు నడిస్తే సరి.

మూడు రంగుల డ్రాగన్ కూజా నకలు ఇంట్లో పెట్టుకోవచ్చా? వాస్తుకు మంచిదా?

వాస్తు నా పరిధి కాదు. అసలువి సమాధి కోసం చేసినవని పైన చెప్పాను, ఆ పట్టింపు ఉన్నవారు ఆలోచించుకోవచ్చు. పట్టింపు లేనివారు నిశ్చింతగా అలమారలో పెట్టుకోవచ్చు. అయితే ఆ గ్లేజు సీసంతో చేసినది. పాత పద్ధతిలో చేసిన నకళ్ళలోనూ సీసం ఉండవచ్చు. అందులో నీళ్ళు పోసి తాగకండి, పచ్చడి జాడీగా అసలే వాడకండి, పులుపుకు సీసం ఇంకా త్వరగా కరుగుతుంది.